కొండ చేను కూడా కాఫీకి ఇచ్చేయాలా?

కొండదారి:
మాది పాడేరు దగ్గర. నాన్నకి ఎకరంన్నర కాఫీ తోట ఉంది. పైన వాలులో ఇంకో ఎకరంలో చోళ్లు (రాగులు), సామలు, కందులు పండిస్తాం. ఆ ఎకరంలో కూడా నీడకి సిల్వర్ ఓక్ చెట్లు నాటి కాఫీ పెట్టేద్దామని తమ్ముడి పట్టు. "చోళ్లు లేకపోతే అంబలి దేంతో కాస్తార్రా?" అని నాన్న. మధ్యలో నాకు టెన్షన్. మీరేమంటారు?

పచ్చగింజ:
మీ తమ్ముడిదే రైటు. సామలు సంతకి మోసుకెళ్తే షావుకారు చెప్పిందే రేటు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దాని పేరుతో షాపు తెరిచారు. పైగా కాఫీ పెట్టిన చోట పోడు కొట్టడం తగ్గింది, చెట్టు నిలిచింది. చోళ్లు కావాలంటే ఆ డబ్బుతో కొనుక్కోండి.

హుకుంపేట సంత:
కొనుక్కోవచ్చు, చేతిలో డబ్బుంటే. కాఫీ డబ్బు సంక్రాంతి చుట్టుపక్కల వస్తుంది, వేసవి పెళ్లిళ్లకి అయిపోతుంది. ఆషాఢంలో ఏం పెట్టి కొంటారు? అప్పుడు ఇంట్లో ఆదుకునేది గాదెలో చోళ్లే.

"కాఫీ ఒక్కటే కాదు, మిరియాలు కూడా ఉన్నాయిగా" అనకండి. మాకూ ఉన్నాయి. ఓక్ చెట్టుకి పాకించిన తీగ నుంచి గుత్తులు కోయాలంటే వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కాలి, కింద ఒకరు పట్టుకోవాలి. శ్రమైనా డబ్బు బాగానే వస్తుంది. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు తోటకెళ్లి చూస్తే ఓక్ చెట్లు వేళ్లతో సహా పడున్నాయి. వాటితోపాటు మిరియం తీగ, వాటి కింద నలిగిపోయి కాఫీ మొక్కలు. కలప, మిరియాలు, కాఫీ అని లెక్కకి మూడు ఆదాయాలు, నిలబడ్డది మాత్రం ఒక్క చెట్టు మీద! మళ్లీ నాటితే కాఫీ కాపుకి రావడానికే మూడు నాలుగేళ్లు. ఇక 2025లో అరకు వైపు కాఫీ కాయని తొలిచే బెర్రీ బోరర్ పురుగు కనబడితే కాయలు కోయించి, వేడినీళ్లలో ముంచి పాతిపెట్టించారు.

ఇంకో మాట. ఏళ్ల తరబడి చల్లకపోతే సామ విత్తనం పోతుంది. మా అమ్మ ఆనపబుర్రలో దాచేది, ఇప్పుడు ఊరంతా అడిగినా గుప్పెడు దొరకలేదు.

లంబసింగి చలి:
ఎకరం రోడ్డు పక్కనైతే టూరిస్టులకి టెంట్లు వేయండి బాబూ, చలికాలం శనాదివారాలు ఖాళీ ఉండవు. మిగతా రోజులు మాత్రం ఈగలే. పెట్టుబడి పెడతామని కింద నుంచి ఎవరైనా వస్తే కాగితం మీద సంతకం పెట్టకండి. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి పోకూడదని 1/70 చట్టం ఉన్నా బినామీలు ఆగలేదు.

పచ్చగింజ:
సంత గారూ, తుఫాను వస్తే చోళ్లు మాత్రం మిగులుతాయా?

హుకుంపేట సంత:
మిగలవు. కానీ వచ్చే ఏడాదే మళ్లీ చల్లుకోవచ్చు.

కొండదారి:
సగం వాలు చోళ్లకి ఉంచుదామని నిన్న రాత్రి ఇంట్లో అన్నాను. నాన్న ఏమీ అనలేదు. తమ్ముడు ఎకరానికి సరిపడా మొక్కలకి నర్సరీలో అడ్వాన్సు కూడా ఇచ్చేశాడట.