ట్రంపెట్ వాయించేవాడికి పియానో పరీక్ష ఎందుకు?

ఊదుడుగాడు:
నాది మ్యూజిక్ డిగ్రీ, మెయిన్ ట్రంపెట్. నాలుగు సెమిస్టర్లు క్లాస్ పియానో, చివర్లో ఒక పరీక్ష, అది గట్టెక్కకపోతే పట్టా ఇవ్వరు. రెండుసార్లు పోయింది. అంతా తెల్ల మెట్లే కదా అనుకున్న సి మేజర్ స్కేలే (సి నుంచి మొదలయ్యే స్వరాల వరస) నా కొంప ముంచింది, ఎందుకంటే కుడి బొటనవేలు ఎఫ్ దగ్గర కింద నుంచి దూరితే ఎడమ బొటనవేలు జి దాకా వచ్చాక మూడో వేలు పైనుంచి దాటాలి, ఆ ఒక్క మెట్టు తేడాలో నా చేతులు రెండూ కొట్టుకుంటాయి. జీవితంలో స్టేజి మీద పియానో ముట్టను. మరి నాకెందుకిది?

కాయిర్ మాస్టారు:
స్టేజి మీద కాదండీ, రిహార్సల్లో కావాలి. టెనర్లు (పై స్థాయి మగ గొంతులు) శ్రుతి తప్పితే పాడి చూపిస్తాను, కానీ నాలుగు గొంతులూ కలిస్తే ఎలా ఉంటుందో నేనొక్కణ్ణే పాడి చూపించలేను కదా. నాలుగు వరసల స్కోర్ చూసి, టెనర్ వరసని ఒక ఆక్టేవ్ (సి నుంచి తర్వాతి సి దాకా ఉండే దూరం) కిందికి దించుకుని వాయించగలిగితే చాలు.

నల్లమెట్టు:
ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్‌కి పియానో రాదు, గిటార్, ఫ్లూట్ వచ్చు. 1844లో ఆర్కెస్ట్రేషన్ (ఏ వాద్యానికి ఏం రాయాలనే విద్య) మీద ఆయన అచ్చు వేసిన పుస్తకం ఇప్పటికీ చదువుతున్నారు. ఇక చెప్పండి.

కాయిర్ మాస్టారు:
ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు బెర్లియోజ్‌ని లాక్కొస్తారు. ఆయన ఒక్కడు, మిగతా అందరి సంగతేంటి?

మధ్యస్థం:
పియానో ఉండాలి, ఈ పరీక్ష మాత్రం మారాలి. ట్రంపెట్‌లో ఒకసారికి ఒక స్వరమే వస్తుంది, హార్మనీ క్లాసులో చెప్పే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) ఎలా కదులుతుందో చేతికి తెలియాలంటే కీబోర్డే దిక్కు. కానీ అందుకు రెండు ఆక్టేవుల స్కేల్ పరుగెత్తించడం దేనికి? ఊదుడుగాడు గారూ, మీ బి ఫ్లాట్ ట్రంపెట్‌లో కాగితం మీది సి ఊదితే వినబడేది బి ఫ్లాట్. రేపు మీ శిష్యుడికి మీరు పక్కన కూర్చుని కార్డ్స్ ఇవ్వాలంటే అతని కాగితం చూసి ఒక స్వరం దించి వాయించాలి. పరీక్షలో ఇది అడిగితే ఎవరూ గొడవ చేయరు (సరే, కొందరు చేస్తారు).
ఇంకోటి, పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు మొదట నేర్పింది బి మేజర్ స్కేల్. అయిదు నల్ల మెట్ల మీద పొడుగు వేళ్ళు హాయిగా పడతాయి, రెండు బొటనవేళ్ళూ ఒకేసారి తిరుగుతాయి. ప్రయత్నించి చూడండి.

ఊదుడుగాడు:
ఇప్పుడే చూశా. మూడోసారికే తప్పు లేకుండా వచ్చింది, నాకే నమ్మబుద్ధి కాలేదు. ట్రాన్స్‌పోజ్ (స్వరాలు దించి వాయించడం) మాట ఒప్పుకుంటా. కానీ పరీక్షలో స్కేల్ నేను ఎంచుకునేది కాదు, వాళ్ళు చెప్పేది, పోయినసారి ముందు అడిగింది సి మేజరే.