సమస్య: కావలేనివాఁడె కావగలఁడు

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాం, మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. 'కావ' అంటే ఇక్కడ కాపాడ. విషయం: దేవుళ్లంత బలమున్న సూపర్‌హీరోలు, ఆ బలానికి ఉన్న హద్దులు, దాని బరువు. 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురులఘువుల, అంటే బరువైన, తేలికైన అక్షరాల గుంపు). 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జోడు కుదరడం, నాలుగో గణం మొదటి అక్షరం మీద. మూడో పాదం ద్రుతంతో (చివరి 'ను' లాంటి నకారంతో) ముగిస్తే 'కావ' కాస్తా 'గావ' అవుతుంది, జాగ్రత్త. ఎందుకు కావలేడు? రాయి అడ్డమా, భౌతికశాస్త్రమా, అతని మనసేనా? అది పద్యంలోనే తేలాలి.

మూడోకన్ను:
కంటి కద్దము లిడి, కలము చేతనుఁ బట్టి
వంగి నడచు పిరికివాఁడటంచు
లోకమెంచుఁ గాని లోపల దేవుఁడు!
కావలేనివాఁడె? కావగలఁడు!

నిర్వాహకుడు:
ప్రశ్నగా విరిచారు, ఛందస్సుకు వంక లేదు. కాని 'లేని' అన్నదాన్ని తోసేయడంతో హద్దే మిగల్లేదు. సూపర్‌మ్యాన్‌కి మామూలు ఉద్యోగిగా మారువేషం హాయిగా సాగే పని కాదు. ఆఫీసు కుర్చీలో ఉండగా మొర వినబడితే లేచి వెళ్లినా తంటా, వెళ్లకపోయినా తంటా. ఆ ఇరకాటం ఒక్క పాదంలో పెట్టినా పద్యం నిలబడేది.

గురులఘువు:
గుండు తగిలి జాఱు గుండెకు భయమేది;
పచ్చని రాయి చూడ బలము సడలు;
తనువు నొప్పి యెఱిఁగి తన్నుఁ దా నొకవేళ
కావలేనివాఁడె కావగలఁడు.

వడి:
రెండో పాదం చూడండి. 'పచ్చ' తర్వాత 'నిరాయి' జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం కాదు. 'పచ్చరాయి చూడఁ బలము సడలు' అంటే సరిపోతుంది. 'గుండు' తుపాకిదా, ఫిరంగిదా? 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చినప్పుడు పేలే ఫిరంగి గుండు అతని చర్మాన్ని చీల్చగలదన్నారు. అప్పటికి ఎగరడమూ లేదు, దూకడమే. ఒక్క దూకుకు మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు. అతని బలాన్ని సడలించే ఆ పచ్చరాయి, క్రిప్టోనైట్, 1943లో రేడియో నాటకంలో పుట్టి, 1949లో బొమ్మల కథలోకి వచ్చింది.

నిర్వాహకుడు:
మూడో పాదం బాగుంది. నొప్పి తెలియనివాడికి ఎదుటివాడి ఎముక ఎంత ఒత్తిడికి విరుగుతుందో అంచనా ఉండదు. రాయి మాత్రం బయటినుంచి వచ్చిన అడ్డు. దాని ప్రభావాన్ని ఆపే సీసం పెట్టెలో పెట్టేస్తే మీ పద్యం కూడా అందులోకే పోతుంది.

వడి:
తక్షణమ్మె యాపఁ దలఁప మెడ విరుగు;
తానుఁ గూడఁ బడుచుఁ దగ్గవలయు;
నిలిచి చేయి సాచి నిశ్చలంబుగ నుండి
కావలేనివాఁడె కావగలఁడు.

నిశాచరి:
నిలబడి చేయి చాస్తే కాపాడలేం, కలిసి పడితేనే కాపాడగలం. అంతేనా వడి గారూ? 'తగ్గవలయు' అన్నచోట ఏం తగ్గాలో చెప్పలేదు.

వడి:
వేగం. గాలి నిరోధం వదిలేస్తే లెక్క సులువు: పడిన ఎత్తును ఆపిన దూరంతో భాగించండి, గురుత్వానికి ఎన్ని రెట్ల కుదుపో వస్తుంది. 100 మీటర్లు పడినవారి వేగం గంటకు దాదాపు 160 కిలోమీటర్లు. కదలని ఉక్కు చేతులు 5 సెంటీమీటర్లలో ఆపితే 2,000 రెట్లు. అంటే నేలకూ ఆ చేతులకూ తేడా లేదు. 3 రెట్లకు దించాలంటే ఇంకో 33 మీటర్లు వెంట పడుతూ, ఒకటిన్నర సెకను మెల్లగా ఆపుకుంటూ రావాలి. అంత ఎత్తు కింద మిగలకపోతే ఎంత బలమున్నా దండగే. 1973 నాటి స్పైడర్‌మ్యాన్ కథలో వంతెన మీంచి పడుతున్న అతని ప్రియురాలు గ్వెన్ స్టేసీ కాలికి వల తగిలించి ఆపడంలో జరిగింది ఇదే. వల పట్టు తప్పలేదు, కుదుపు మెడకు తగిలింది. బలం ఎక్కువైన కొద్దీ ఈ ప్రమాదం తగ్గదు.

నిర్వాహకుడు:
ఇప్పటిదాకా వచ్చినవాటిలో నా ఓటు దీనికే. 'నిశ్చలంబుగ' మీద 'నిలిచి' పునరుక్తే, యతి కోసమని తెలిసిపోతోంది. అయినా 'లేని'కి కారణం అతని బలంలోంచే వచ్చింది.

నిశాచరి:
ఎవ్వరేడ్చుచున్న నెఱిఁగియు నొకచోనె
యుండఁగలుగు, నద్ది యొప్పుకొనిన,
వందమందిఁ గాక పదుగుర నైనను
కావలేనివాఁడె కావగలఁడు.

నిర్వాహకుడు:
'ఐనను' ద్రుతాంతం. మొదటే చెప్పాను కదా! పైగా 'పదుగుర' పక్కనే 'కావలేని' పడి, పదిమందినీ కాపాడలేనివాడని అన్వయం కుదురుతోంది. 'యెల్లవారి నొక్క యెడ నొక్కసారియే' అంటే రెండూ తీరతాయి.

వడి:
'ఎఱిఁగియు' కూడా కాస్త ఉదారమే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 100 మీటర్లు పడడానికి పట్టేది 4.5 సెకన్లు, ఈలోగా కేక ఒకటిన్నర కిలోమీటర్లు దాటదు. పది కిలోమీటర్ల దూరాన ఉన్నవాడికి అది చేరేసరికి 29 సెకన్లు. చెవి ఎంత గొప్పదైనా చాలా మొరలు అయిపోయాకే వినబడతాయి. అసలు బరువంతా అక్కడుంది.

నిశాచరి:
సవరణ తీసుకుంటున్నాను. ఆలస్యంగా వినబడే మొర మీద వేరే పద్యం రాస్తాను.

మూడోకన్ను:
రెండో ప్రయత్నం:
అడుగకుండ వచ్చి యందఱ నేలుచోఁ
గాపుదలయుఁ జెఱయుఁ గలసిపోవు;
జనులు కోరకున్న జాలియున్నను దానె
కావలేనివాఁడె కావగలఁడు.

నిర్వాహకుడు:
ఇదీ మనసు అడ్డం! రెండో పాదం ఎత్తి రాసుకోదగ్గది.

గురులఘువు:
మరి స్పృహ తప్పినవాడు ఎలా కోరతాడు? మంటల్లో ఉన్న పసిపిల్ల? మూడో పాదం ప్రకారం మీ వీరుడు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి.

మూడోకన్ను:
నా ఉద్దేశం ఏలడం గురించి, ఎత్తుకు రావడం గురించి కాదు.

గురులఘువు:
పద్యంలో ఉన్నది 'కావ'. ఏలుబడి సంగతి మొదటి పాదంతోనే అయిపోయింది.

నిర్వాహకుడు:
గురులఘువు గారి ఆక్షేపణ నిలుస్తుంది. మూడో పాదంలో 'కోరకున్న' బదులు 'వలదన్న' అర్థం వచ్చేలా గణాలు కూర్చి చూడండి. వద్దన్నవాడు వేరు, అడగలేనివాడు వేరు. యతి 'జ' మీదే ఉంచుతారో, పాదమంతా మారుస్తారో మీ ఇష్టం.