పదో పెళ్లిరోజుకి క్యోటో వెళ్తున్నాం, మా ఆవిడ ప్యూర్ వెజ్, కాస్త హెల్ప్ చేయండి

ప్రశ్న:
అందరికీ నమస్కారం అండి. ఈ నవంబర్ 24కి మా పెళ్లయి పదేళ్లు. పిల్లలిద్దర్నీ మా అత్తగారింట్లో దింపి మేమిద్దరమే వెళ్తున్న మొదటి ట్రిప్ ఇది, అందుకే బాగా జరగాలని చాలా ఆశగా ఉంది. హైదరాబాద్ నుంచి టోక్యో, అక్కడ రెండు రోజులు, తర్వాత క్యోటోలో నాలుగు రాత్రులు. మా ఆవిడ గుడ్డు కూడా తినదు, తిండి సంగతే పెద్ద భయం. జేఆర్ పాస్ (అక్కడి రైళ్ల పాస్) తీసుకోవాలా వద్దా? ఒక రాత్రి ర్యోకాన్‌లో, అంటే భోజనంతో కలిపి ఇచ్చే జపాన్ పాతకాలపు సత్రంలో, ఉండాలని తన కోరిక, కానీ రేట్లు చూస్తే గుండె ఝల్లుమంటోంది, వెజ్ వాళ్లకి అంత పెట్టడం దండగేమో అనిపిస్తోంది. ట్రావెల్స్ వాళ్లిచ్చిన ప్లాన్‌లో రోజుకి ఏడు గుళ్లు ఉన్నాయి, చదువుతుంటేనే ఆయాసం వచ్చింది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
తమ్ముడూ, ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. మేం ఎనిమిదేళ్లుగా ఒసాకాలో ఉంటున్నాం, క్యోటో మాకు ట్రైన్‌లో అరగంట, ఇండియా నుంచి ఎవరొచ్చినా తిప్పేది నేనే.

తిండి గురించి మీ భయం కరెక్టే. ఇక్కడ మాంసం కంటే అసలు సమస్య దాషి. కత్సువోబుషి అని ఒకటుంటుంది, చేపని పొగబెట్టి ఎండబెట్టి చెక్కలా గట్టిపడ్డాక చిత్రిక పట్టినట్టు పల్చగా గీకుతారు, ఆ పొరల్ని వేడినీళ్లలో వేసి వడకట్టిందే దాషి. మిసో సూప్‌లో అదే, ఉడాన్ నూడుల్స్‌లో అదే, కూర ముక్కలు ఉడికించేది కూడా చాలాచోట్ల అందులోనే. కంటికి ముక్క కనపడదు కాబట్టి చాలామంది దాన్ని చేప కింద లెక్కేయరు. క్యోటోలో నాన్జెన్‌జి గుడి దగ్గర యుదోఫు అని వేడి టోఫు పెడతారు, అందరూ వెజ్ అనుకునే తింటారు కానీ నంజుకునే సాస్‌లో దాషి ఉండొచ్చు. అందుకని ఉత్త "వెజిటేరియన్" అంటే సరిపోదు, "నికు, సకానా, తమాగో, కత్సువో దాషి తబెరారెమాసెన్" అనండి, అంటే మాంసం, చేప, గుడ్డు, ఆ చేప రసం తినలేం అని. జపనీస్ లిపిలో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి, చూపించేస్తే పని అయిపోతుంది.

ఆవిడ నిశ్చింతగా తినగలిగేది షోజిన్ ర్యోరి, బౌద్ధ సన్యాసుల భోజనం. మాంసం, చేప ఉండవు, మన మడివంటలాగా ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు, రసం కొంబు అనే సముద్రపు నాచుతో తీస్తారు. క్యోటోలోనే అరషియామ అనే చోట తెన్ర్యూజి గుడి ఆవరణలోనే షిగేత్సు అని ఉంది, మధ్యాహ్నమే పెడతారు, ముందే బుక్ చేసుకోండి. ఎర్రటి చిన్న చిన్న గిన్నెల్లో వడ్డిస్తారు, నువ్వుల టోఫు నోట్లో వెన్నలా కరిగిపోతుంది, మా అమ్మ అయితే రెండుసార్లు తీసుకెళ్లమంది. ఇంటి నుంచి కందిపొడి, పులిహోర పేస్ట్ తెచ్చుకోండి, కన్వీనియెన్స్ స్టోర్‌లో అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, అక్కడే వేడి చేసుకోవచ్చు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి మాత్రం తేవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో రానివ్వరు.

జేఆర్ పాస్ వద్దు. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి 50,000కి పెంచారు, టోక్యో నుంచి క్యోటోకి షింకన్‌సెన్ (బుల్లెట్ ట్రైన్) టికెట్ సుమారు 14,000, విడిగా కొనుక్కోండి. ఆర్డినరీ బోగీలో "E" సీటు అడగండి, ఆకాశం బాగుంటే ఫుజి పర్వతం అటువైపే కనిపిస్తుంది. సూట్‌కేస్ మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటు ముందే రిజర్వ్ చేయాలి. తిరుగు ఫ్లైట్ ఒసాకా దగ్గరి కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్ నుంచి పెట్టుకుంటే మళ్లీ టోక్యో పోనక్కర్లేదు.

ఇక తిరగడం. నవంబర్ చివర్లో మేపుల్ ఆకులు ఎర్రబడే టైమ్, పైగా 23 ఇక్కడ సెలవు, జనం తిరుమల బ్రహ్మోత్సవాల్లాగా ఉంటారు. సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. కాబట్టి పొద్దున్నే లేవాలి, వేరే దారి లేదు. ఫుషిమి ఇనారి గుడి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు, ఆరున్నరకల్లా అక్కడుండండి. పైకెక్కేటప్పుడు ఎర్ర తోరణాలే కనిపిస్తాయి, దిగేటప్పుడు చూడండి, ప్రతి స్తంభం వెనక నల్లటి అక్షరాలు ఉంటాయి, అవి ఇచ్చిన దాతల పేర్లు, తేదీలు. మన గుళ్లల్లో మెట్ల మీద పేర్లు చెక్కిస్తారు చూడండి, అదే. కియోమిజు గుడి కూడా ఆరుకే తెరుస్తారు, అది ఇంకో పొద్దున పెట్టుకోండి. గియోన్‌లో, అంటే గీషాలుండే పాతపేటలో, ప్రైవేట్ సందుల్లోకి వెళ్లకండి, 10,000 యెన్ల ఫైన్ బోర్డులు పెట్టారు.

సంజూసాంగెన్‌దో గుడి వదలకండి. 1001 కన్నోన్ (కరుణకి ప్రతీకైన బోధిసత్వుడు) విగ్రహాలు ఒకే పొడవాటి హాల్లో, వాటికి కాపలాగా 28 మంది దేవతలు, వాళ్లలో మన నారాయణుడు, ఇంద్రుడు, వేణువు ఊదే గరుత్మంతుడు కూడా ఉన్నారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఫోటోలు తీయనివ్వరు.

పెళ్లిరోజు నాడు మాత్రం ఎయికాన్‌దో గుడికి వెళ్లండి, ఇది నా గట్టి కోరిక. అక్కడి అమిద బుద్ధుడు ఎదురుగా చూడడు, తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తుంటాడు. 1082లో ఎయికాన్ అనే భిక్షువు జపం చేస్తూ ప్రదక్షిణ చేస్తుంటే బుద్ధుడే దిగొచ్చి ముందు నడిచాడట, ఈయన ఆశ్చర్యంతో ఆగిపోతే వెనక్కి తిరిగి "ఎయికాన్, ఆలస్యం చేస్తున్నావు" అన్నాడట. విగ్రహం రెండున్నర అడుగులే, పక్కకి వెళ్లి నిలబడితేగానీ ముఖం సరిగ్గా కనపడదు, అప్పుడు మనకోసమే ఆగినట్టు ఉంటుంది. తోట నిండా మేపుల్స్, ఆ సీజన్‌లో రాత్రి లైట్లు వేసి మళ్లీ తెరుస్తారు.

జవాబు 2:
అక్క చెప్పింది అక్షరాలా నిజం బ్రదర్. ర్యోకాన్ గురించి నేను చెప్తా. మేం వెళ్లినప్పుడు బుకింగ్‌లో "వెజిటేరియన్" అని ఒక టిక్కు కొట్టి ఊరుకున్నాం. డిన్నర్ వచ్చాక అడిగితే పదకొండు గిన్నెల్లో ఎనిమిదింట్లో దాషి ఉందన్నారు. వడ్డించే పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని సారీ చెప్తూనే ఉంది, మా ఆవిడ ఉత్తన్నం ఊరగాయ ముక్కలతో తినేసింది, ఆ రాత్రి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. తప్పు మాదే, వాళ్లు నెల ముందు నుంచి మెనూ వేసుకుంటారు. చేస్తారా చేయరా అని మెయిల్‌లో రాతపూర్వకంగా చెప్పించుకున్నాకే డబ్బు కట్టండి, కుదరదంటే బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్ లేకుండా రూమ్ మాత్రం అడగండి, బాగా తగ్గుతుంది. డిన్నర్ ఆరు, ఆరున్నరకే, లేటుగా వెళ్తే పోయినట్టే. యుకాతా (అక్కడ ఇచ్చే పల్చటి కిమోనో) కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది చనిపోయినవాళ్లకి. 2026 మార్చి నుంచి క్యోటోలో రూమ్ ట్యాక్స్ పెంచారు, మనిషికి రాత్రికి రూమ్ రేటు 20,000 యెన్లు దాటితే ట్యాక్స్ 1,000, అది 50,000 దాటితే 4,000, లెక్కలో వేసుకోండి.

ప్రశ్నించినవారు:
చాలా థాంక్స్ అండి, అక్కా మీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఇంకో డౌట్, ర్యోకాన్‌లో అందరూ కలిసి స్నానం చేయాలట కదా, మా ఆవిడ అదొక్కటే వద్దంటోంది.

జవాబు 1:
ఆడవాళ్లకి వేరే మగవాళ్లకి వేరే తమ్ముడూ, అయినా బట్టల్లేకుండానే దిగాలి. ఇబ్బందైతే "కషికిరి" ఉందా అని అడగండి, మీ ఇద్దరికే గంటసేపు తాళం వేసిస్తారు, కొన్నిచోట్ల రూమ్‌లోనే చెక్క తొట్టి ఉంటుంది. ర్యోకాన్ చివరి రాత్రికి కాకుండా 24కే పెట్టండి. ఆ ముందు రోజు సాయంత్రం కామో నది ఒడ్డున సాంజో, షిజో వంతెనల మధ్య కాసేపు కూర్చోండి, అక్కడి జంటలన్నీ ఎవరో కొలిచి కూర్చోబెట్టినట్టు సమాన దూరంలో కూర్చుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. చలికి స్వెట్టర్ మర్చిపోవద్దు. మెయిల్ జపనీస్‌లో నేను రాసిస్తా, మీరు ఏ ర్యోకాన్ అనుకుంటున్నారో ఇన్‌బాక్స్‌లో పెట్టండి.

ప్రశ్నించినవారు:
పెట్టానక్కా. ట్రావెల్స్ వాళ్ల ప్లాన్ క్యాన్సిల్ చేసేశాం. ఆ వెనక్కి చూసే బుద్ధుడి గురించి చదివి వినిపిస్తే మా ఆవిడ 24 పొద్దున ఇంకేమీ పెట్టొద్దు, అక్కడికే వెళ్దాం అంది.