డచ్ కుటుంబం ఓడ రికార్డు ఏ పోర్టు లిస్టులో వెతకాలి?

అందరికీ నమస్కారమండీ. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మా పక్కింటి పెద్దావిడది డచ్ కుటుంబం, 1954లో చిన్నపిల్లగా అమ్మానాన్నలతో యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే ఓడలో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చారట, దిగాక బోనెగిల్లా క్యాంపులో పెట్టారట, 1947 నుంచి 1971 దాకా 3 లక్షల మందికి పైగా వలసవాళ్లు ఉన్న క్యాంపు అది. సామాన్లు తెచ్చుకున్న చెక్కపెట్టె ఇంకా గ్యారేజీలో ఉంది, మూత మీద నల్ల పెయింటుతో ఇంటిపేరు, కింద మెల్‌బోర్న్ అని. పేపర్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, మనవళ్లకి చూపించాలని ఆవిడకి చాలా ఆశ, ఎలాగైనా సంపాదించి ఇవ్వాలని నాకూ ఉంది.

నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియా సైట్‌లో వెతికాను. ఇంటిపేరు ముందు వాన్ డెర్ ఉంది, దాన్ని విడిగా కొట్టా, కలిపి కొట్టా, తీసేసి కూడా చూశా, తండ్రి పుట్టిన సంవత్సరం అటూఇటూ మార్చా, అదే ఇంటిపేరుతో వేరేవాళ్లు వస్తున్నారు గానీ వీళ్లు రావట్లేదు. యూరప్ ఓడలు ముందు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ పోర్టులో ఆగేవి కదా, నా అనుమానమంతా అక్కడే.

ఇలాంటివి వెతికిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, మెల్‌బోర్న్‌లో దిగినవాళ్ల పేర్లు ఫ్రీమాంటిల్ ప్యాసింజర్ లిస్టులో ఉంటాయా, మెల్‌బోర్న్ లిస్టులోనా?