ఎనిమిదేళ్ల అనుభవం ఉన్న కౌన్సెలర్‌కి ఇంకా సూపర్‌విజన్ ఎందుకు?

బెజవాడ కౌన్సెలర్:
సూటిగా అడుగుతున్నా. ప్రాక్టీసు పెట్టి ఎనిమిదేళ్లయింది. మొన్న ఒక వర్క్‌షాప్‌లో "నెలనెలా సూపర్‌విజన్‌కి వెళ్లనివాళ్లు క్లయింట్లని చూడకూడదు" అని తేల్చేశారు. సూపర్‌విజన్ అంటే మన కేసులు ఒక సీనియర్ ముందు పెట్టి మాట్లాడుకోవడం. నేను సెషన్‌కి తీసుకునేది ఎనిమిది వందలు. సీనియర్ గంటకి రెండు వేలు అడుగుతున్నారు. పైగా ఇది బెజవాడ. మొగుడూ పెళ్లాల గొడవ గురించి రెండు ముక్కలు చెబితే చాలు, ఏ ఇంటివాళ్లో ఆయన పట్టేస్తారు. కొత్తవాళ్లకి కావాలి, ఒప్పుకుంటా. జీవితాంతమా?

ఎర్రగడ్డ పాతకాపు:
జీవితాంతమే. బ్రిటన్‌లో బీఏసీపీ (అక్కడి కౌన్సెలర్ల సంఘం) అక్రెడిటేషన్ ఉన్న కౌన్సెలర్ ముప్పై ఏళ్ల సీనియరైనా నెలకి కనీసం గంటన్నర సూపర్‌వైజర్ ముందు కూర్చోవాల్సిందే. మన దగ్గర క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ చేసినవాళ్లు రెండేళ్లూ గైడ్ కళ్లముందే కేసులు చూశారు. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ నంబరు చేతికొచ్చిన మర్నాటి నుంచి అడిగే నాథుడు లేడు. ఇక కౌన్సెలర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆరు వారాల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టినవాళ్లు నాకే నలుగురు తెలుసు. 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో కౌన్సెలర్ల పేరైతే ఎక్కింది. పేరెక్కితే సరా?

డాలస్ పిల్ల:
అన్నా, తప్పనిసరి చేస్తే ఏమవుతుందో నేను చెప్తా. టెక్సాస్‌లో ఎల్‌పీసీ (ప్రొఫెషనల్ కౌన్సెలర్) లైసెన్సుకి సూపర్‌విజన్ కింద 3000 గంటలు చెయ్యాలి. అందులో 1500 నేరుగా క్లయింట్లతోనే. పద్దెనిమిది నెలల లోపు అవ్వదు. నా ఫారం మీద సంతకం పెట్టాల్సింది ఆ సూపర్‌వైజరే. అలాంటి మనిషి ముందు "నిన్న సెషన్లో నిద్రొచ్చింది" అని ఎవరు చెప్తారు? బాగా జరిగిన సెషన్లు ఏరి ఏరి పట్టుకెళ్లేదాన్ని. లైసెన్సు వచ్చాక, ఎవరూ అడగకపోయినా, సొంత డబ్బుతో వేరే ఆవిడ దగ్గరికి వెళ్లా. నోరు విప్పింది అప్పుడే.

ఓరుగల్లు అక్క:
చెల్లి చెప్పింది నిజమే. కానీ అడిగిందానికి అది జవాబు కాదు. నాకు పద్నాలుగేళ్ల అనుభవం. రెండేళ్ల కింద మా సూపర్‌వైజర్ మేడం కేసు గురించి అడగలేదు, అపాయింట్‌మెంట్ డైరీ తెమ్మన్నారు. పేర్లు కాగితంతో కప్పి టైములు మాత్రం చూశారు. అందరికీ యాభై నిమిషాలు. ఒక్కరికి గంటా ఇరవై, అదీ రోజులో ఆఖరి స్లాటు. "ఈ ఏడున్నర ఎవరు?" అన్నారు.

ఇంటర్ మధ్యలో హాస్టల్ నుంచి వచ్చేసిన పిల్లాడు. మా వాడూ అప్పుడు హాస్టల్లోనే ఉన్నాడు, ఇంటికొచ్చేస్తానని రోజూ ఫోన్లో ఏడుపు. నేను ఆ పిల్లాడి తరఫున వాళ్ల నాన్నతో పోట్లాడుతున్నా, మా ఆయనతో పోట్లాడలేక. నా నోటితో నేను ఈ సంగతి ఎప్పటికీ కేసుగా చెప్పేదాన్ని కాదు, ఎందుకంటే నాకే తెలియదు.

అన్నట్టు, పీర్ గ్రూపు (తోటి కౌన్సెలర్లు కలిసి కూర్చోవడం) చాలు అనేవాళ్లకి: మాదీ ఉండేది, ఆదివారం ఆదివారం. మిర్చి బజ్జీలు, "మీరు బాగా హ్యాండిల్ చేశారండీ". అంతే.

గోడకివతల:
నేను క్లయింట్‌ని. నా సంగతులు ఇంకెవరికో చెప్తారని నాకెవరూ చెప్పలేదే? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత నా హక్కని ఉందిగా?

ఓరుగల్లు అక్క:
ఉంది తమ్ముడూ. అందుకే మొదటి సెషన్లోనే చెప్పి సంతకం తీసుకోవాలి: పేరు, ఊరు, ఉద్యోగం మార్చి ఒక సీనియర్‌తో మాట్లాడతానని. చెప్పకపోతే తప్పు మీ కౌన్సెలర్‌దే.

ఎర్రగడ్డ పాతకాపు:
బెజవాడ గారూ, ఊరి భయం ఉంటే వేరే ఊరివాళ్లని ఆన్‌లైన్‌లో పెట్టుకోండి. మీ వీధులు తెలియనివాళ్లని.

బెజవాడ కౌన్సెలర్:
వైజాగ్‌లో ఒకరిని అడిగా, పన్నెండు వందలన్నారు. రాత్రి డైరీ కూడా తీశా అక్కా. నా దాంట్లో ఎక్కువ టైము ఇచ్చినవాళ్లెవరూ లేరు. ఒకావిడ అపాయింట్‌మెంట్ మాత్రం వరసగా మూడుసార్లు వాయిదా పడింది. మూడుసార్లూ వేసింది నేనే. రెండు వేలు మాత్రం ఇప్పటికీ ఎక్కువే అంటా.