గ్లాసు పగిలితే ‘మజల్ తోవ్’ అంటారు, మరి కష్టం వస్తే మెజూజాను ఎందుకు పరీక్షిస్తారు?

ప్రశ్న (ఎడిసన్ వాసి):
మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాము. పక్కనున్న హైలాండ్ పార్క్‌లో ఒక యూదు మిత్రుని ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు, పిల్లవాడి చేతిలోంచి గ్లాసు జారి ముక్కలవగానే అందరూ ‘మజల్ తోవ్’ (శుభాకాంక్షలు) అంటూ చప్పట్లు కొట్టారు. అదే కుటుంబం, ఇంటాయనకు కాలు విరిగి, ఆ వెంటనే నీటి గొట్టం పగిలేసరికి, ద్వారబంధానికి ఉన్న మెజూజాను (లేఖన వాక్యాలు రాసిన చర్మపత్రం చుట్టను) విప్పి పరీక్షకు పంపింది. ఇది మతశాస్త్రమా, పెద్దల నమ్మకమా?

జవాబు (పాత గ్రంథాల పాఠకుడు):
గ్లాసు సంగతి పెళ్ళి నుంచి వచ్చిన అలవాటే తప్ప శాస్త్రం కాదు. వరుడు కాలితో గ్లాసు పగలగొట్టడం క్రీ.శ. 70లో రోమన్లు కూల్చిన యెరూషలేము ఆలయాన్ని తలచుకోవడానికి. ఆ వెంటనే బంధువులు శుభాకాంక్షలు చెబుతారు కనుక, వంటింట్లో ఏది పగిలినా అదే మాట నోటికి వస్తుంది. యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తాల్ముద్‌లో ఒక పండితుడు, తన కొడుకు పెళ్ళిలో తోటి పండితుల సంబరం శ్రుతి మించుతోందని, 400 జూజులు (ఆనాటి వెండి నాణేలు) విలువచేసే పాత్రను వారి ముందే పగలగొట్టాడు. మూలంలో ఇది దుఃఖాన్ని గుర్తుచేసే పని!

మెజూజా విషయం చిక్కైనది. బైబిలులోని ద్వితీయోపదేశకాండము నుంచి రెండు భాగాలను (6:4–9, 11:13–21) లేఖకుడు చర్మపత్రం మీద చేత్తో రాస్తాడు; మొత్తం 713 అక్షరాలలో ఒక్కటి చెరిగినా అది చెల్లదు. ఎండకూ తేమకూ సిరా పెళుసెక్కి రాలిపోతుంది కాబట్టే, ఇంటి మెజూజాను ఏడేళ్ళలో రెండుసార్లు పరీక్షించాలన్నది నియమం. కాలు విరగడానికీ సిరా రాలడానికీ ముడిపెట్టడం మాత్రం నమ్మకం. మెజూజాలో దేవదూతల పేర్లు చేర్చి రక్షరేకుగా మార్చేవారికి పరలోకంలో భాగం లేదని 12వ శతాబ్దిలో యూదు పండితుడు మైమొనిడీస్ కటువుగానే రాశాడు. అయితే, రాజు లోపల ఉంటే సేవకులు బయట కాపలా కాస్తారనీ, ఇక్కడ మాత్రం లోపలున్న సేవకులను దేవుడే బయట నిలిచి కాస్తాడనీ తాల్ముదే మెజూజా ప్రస్తావనలో అంటుంది. లుబావిచ్ హసీదులు (యూదుల్లో ఒక భక్తి సంప్రదాయం వారు) కష్టం రాగానే పరీక్ష చేయించమనడం ఈ రెండో ధోరణికి దగ్గరగా ఉంటుంది. నా మనసు మైమొనిడీస్ వైపే మొగ్గుతుంది.

జవాబు (వంటింటి పరిశీలకురాలు):
పాఠకుడు గారు శాస్త్రానికీ నమ్మకానికీ గీసిన గీత వంటింట్లో అంత సూటిగా ఉండదండీ. పొట్టు తీసిన వెల్లుల్లి, ఉల్లి, గుడ్డు రాత్రంతా నిలవ ఉంటే ప్రమాదమని తాల్ముదే చెప్పింది. అందుకే చాలామంది పొట్టు కొంచెం ఉంచడమో, ఉప్పూ నూనే కలపడమో చేస్తారు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు సబ్బాతు (వారపు విశ్రాంతి దినం) దీపాలు వెలిగించడం మరచిన ఇల్లాలు అప్పటి నుంచి ప్రతి వారం ఒక దీపం అదనంగా పెట్టాలన్న అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా యూదుల) ఆచారం గ్రంథాలకు కూడా ఎక్కింది. చేతిలో లేని కారణం వల్ల తప్పిపోతే, ఆస్పత్రిలో ఉండి వెలిగించలేకపోయినట్లయితే, ఆ అదనపు దీపం అక్కరలేదు.