లోడు లేకుండానే జరిగిపోతున్న పీక్: స్టీలు పట్టీ మీద ఎఫ్‌బీజీ సెన్సర్ సందేహాలు

కాంతితీగ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టులో ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్‌తో (ఎఫ్‌బీజీ, అంటే ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కి పంపేలా ఫైబర్ లోపల రాసిన జాలీ) స్ట్రెయిన్, అంటే పొడవులో ఎన్నో వంతు సాగిందో, కొలుస్తున్నాం. మైల్డ్ స్టీలు పట్టీ, వెడల్పు 25 మి.మీ., మందం 3 మి.మీ. ఒక చివర వైస్‌లో బిగించి, అక్కణ్ణుంచి 260 మి.మీ. దూరంలో బరువు వేలాడదీస్తున్నాం. గ్రేటింగ్ 1550 నానోమీటర్లది, పొడవు 10 మి.మీ., మామూలు అక్రిలేట్ పూత ఉంది. దాని మధ్య భాగం వైస్ నుంచి 10 మి.మీ. దూరంలో పడింది. ఇన్‌స్టంట్ గమ్‌తో, అంటే సయనోఅక్రిలేట్‌తో అంటించాం. వెలుగుకి ఎస్‌ఎల్‌ఈడీ (విశాలమైన తరంగదైర్ఘ్యాల వెలుగిచ్చే డయోడ్), మధ్యలో సర్క్యులేటర్ (వెనక్కి వచ్చిన వెలుగుని వేరే దారికి మళ్లించేది), చూడ్డానికి ఓఎస్‌ఏ (ఆప్టికల్ స్పెక్ట్రం అనలైజర్).

ఇబ్బందులివి. పొద్దున ఏసీలో 26 డిగ్రీలప్పుడు ఉన్న పీక్ (వెనక్కి వచ్చే వెలుగు గరిష్ఠంగా ఉన్న తరంగదైర్ఘ్యం), మధ్యాహ్నం ఏసీ కట్టేశాక 31 డిగ్రీలకి దాదాపు 120 పీకోమీటర్లు పైకి జరుగుతోంది, బరువేమీ లేకుండానే. 500 గ్రాములు వేస్తే లెక్క ప్రకారం 196 పీకోమీటర్లు రావాలి, 150 దగ్గరే ఆగుతోంది. బరువు తీసేశాక పాత చోటికి రావట్లేదు. అంటించాక పీక్‌కి రెండు మూపురాలు వచ్చాయి. పీక్ పాదాల దగ్గర అలలు అలలుగా కనిపిస్తోంది. గ్రేటింగ్ పాడైందా?

పీకోమీటరు:
పాడవలేదండీ. మొదటి సమస్య అసలు సమస్యే కాదు. 1550 దగ్గర వదులుగా ఉన్న గ్రేటింగ్ డిగ్రీకి సుమారు 10 పీకోమీటర్లు జరుగుతుంది. ఇందులో ఎక్కువ భాగం గాజు వక్రీభవన గుణకం మారడం వల్లే. గాజు వ్యాకోచం చాలా తక్కువ, డిగ్రీకి మిలియన్‌లో 0.55 వంతు. స్టీలుది 12. అంటించాక స్టీలు సాగినంతా ఫైబర్ కూడా సాగక తప్పదు. ఆ తేడా 11.45 మైక్రోస్ట్రెయిన్ (అంటే పొడవులో మిలియన్‌లో 11.45 వంతులు), మైక్రోస్ట్రెయిన్‌కి 1.2 పీకోమీటర్లు, అంటే డిగ్రీకి ఇంకో 14. మొత్తం 24. మీ గది 5 డిగ్రీలు మారింది, 24 ఇంటూ 5 చేస్తే 120. థర్మామీటర్‌గా మీ సెన్సర్‌కి వంక పెట్టడానికి లేదు! అదే అల్యూమినియం పట్టీ అయితే డిగ్రీకి 37 దాకా వచ్చేది.

ఆ 120ని స్ట్రెయిన్ అనుకుంటే 100 మైక్రోస్ట్రెయిన్. మీరు కొలవబోయేది 163. కాబట్టి కాంపెన్సేషన్ (వేడి వల్ల వచ్చిన భాగాన్ని తీసేసే ఏర్పాటు) లేకుండా ముందుకెళ్లకండి.

లెక్కలమాస్టరు:
196 ఎలా వచ్చిందో చూశాను. బరువు 4.905 న్యూటన్లు, గ్రేటింగ్‌కి 250 మి.మీ. దూరం, మొమెంట్ (వంచే బలం) 1226 న్యూటన్-మి.మీ. సెక్షన్ మాడ్యులస్ (వంపుకి పట్టీ అడ్డుకోత ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) 37.5 ఘన మి.మీ. స్ట్రెస్ 32.7 ఎంపీఏ, దాన్ని స్టీలు యంగ్ మాడ్యులస్ 200 జీపీఏతో భాగిస్తే 163.5 మైక్రోస్ట్రెయిన్. అంతా సరే. కానీ అది స్టీలు పై ముఖం దగ్గరి స్ట్రెయిన్. ఫైబర్ దానికి పైన ఉంది. అక్రిలేట్ పూతతో ఫైబర్ వ్యాసం 250 మైక్రాన్లు, దాని కింద గమ్ ఒక 50. కోర్ (ఫైబర్ నడుమ వెలుగు నడిచే భాగం) ముఖానికి 0.175 మి.మీ. ఎత్తున ఉన్నట్టు. న్యూట్రల్ యాక్సిస్ (వంగినా సాగని, ముడుచుకోని పట్టీ నడిమి గీత) నుంచి 1.5 కాదు, 1.675 మి.మీ. అంటే 11 శాతానికి పైగా ఎక్కువే రావాలి, 219 దాకా. మీకు 150 వచ్చిందంటే స్ట్రెయిన్‌లో మూడో వంతు దారిలోనే పోతోంది. లోటు మీరు అనుకున్న దానికన్నా పెద్దది.

ఇంకో సంగతి. గ్రేటింగ్ అంచు వైస్‌కి 5 మి.మీ. దూరంలోనే ఉంది. వైస్ దవడల నొక్కుడు ప్రభావం పట్టీ వెడల్పంత దూరం, అంటే 25 మి.మీ. వరకూ ఉంటుందనుకోవాలి. అక్కడ సాదా బీమ్ సూత్రం నమ్మలేం. గ్రేటింగ్‌ని 30 మి.మీ. దగ్గర పెట్టండి. బరువుకి దూరం 230 అవుతుంది, స్ట్రెయిన్ 150 మైక్రోస్ట్రెయిన్. సిగ్నల్ కొంచెం తగ్గినా లెక్కకి నిలబడుతుంది.

వైస్ జారుతోందా లేదా తెలియాలంటే బరువు వేసే చోట డయల్ గేజ్ పెట్టండి. 500 గ్రాములకి 2.5 మి.మీ. పైచిలుకు కిందికి రావాలి, తీయగానే సున్నాకి రావాలి. గేజ్ సున్నాకి వచ్చి పీక్ రాకపోతే తప్పు అంటింపులో ఉంది.

జిగురుపని:
తప్పు అంటింపులోనే ఉంటుంది, రాసిస్తాను. పాపం అందరూ సయనోఅక్రిలేట్‌ని తిడతారు గానీ స్ట్రెయిన్ గేజ్ వాళ్లు రోజూ వాడేది దాన్నే. అది ముఖం మీది తేమతో గట్టిపడుతుంది, అందుకే పల్చటి పొర అయితేనే పని చేస్తుంది. 250 మైక్రాన్ల గుండ్రటి ఫైబర్ చుట్టూ మందంగా పోస్తే పైన పెచ్చు కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. దానికి తోడు అక్రిలేట్ పూత. అది ఫైబర్‌ని గీతల నుంచి కాపాడ్డానికి వేసిన మెత్తటి పొర, స్ట్రెయిన్ మోయడానికి కాదు. స్టీలు లాగితే పూత కోతకి లోనై సాగుతుంది, గాజు దాకా పూర్తిగా చేరదు. బరువు అలాగే ఉంచితే నెమ్మదిగా పాకుతుంది కూడా. మీ సున్నా తిరిగి రాకపోవడానికి కారణం అదే. పరీక్ష కావాలంటే 500 గ్రాములు వేసి పది నిమిషాలు వదిలేయండి. రీడింగ్ మెల్లగా దిగుతుంటే పూత, గమ్ పాకుతున్నట్టు. ఒక్కసారిగా గెంతితే బిగింపు జారినట్టు.

పాలీఇమైడ్ పూత గ్రేటింగ్ తీసుకోండి. మొత్తం వ్యాసం 150 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, పూత గట్టిగా ఉండి గాజుని వదలదు. కొత్తది కొనే వీల్లేకపోతే ఉన్న అక్రిలేట్ ఒలవాలి. బ్లేడుతో, స్ట్రిప్పర్‌తో మాత్రం వద్దు, కంటికి కనిపించని గీత పడి తక్కువ స్ట్రెయిన్‌కే తెగొచ్చు. అసిటోన్‌లో నానబెట్టి, పూత ఉబ్బాక లెన్స్ టిష్యూతో ఒక్క దిశలో మెల్లగా లాగండి. ఒలిచిన గాజుని వేలితో ముట్టకుండా ఆ రోజే అంటించేయాలి.

అంటించే పని: స్టీలుని 220 ఎమరీతో, తర్వాత 400తో, ఫైబర్ దిశకి 45 డిగ్రీల వాలుగా రెండు వైపులా రుద్దండి. అసిటోన్ గుడ్డతో ఒకే దిశలో తుడవండి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ముందుకీ వెనక్కీ తుడిస్తే జిడ్డు మళ్లీ అక్కడికే చేరుతుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గట్టి పెన్సిల్‌తో గీత గీయండి. ఫైబర్‌ని గీత మీద పరిచి ఒక వైపు కాప్టాన్ టేపుతో కట్టి, రెండో వైపు నున్నటి గుండ్రటి కడ్డీ మీదుగా దింపి 50 గ్రాములు వేలాడదీయండి. 125 మైక్రాన్ల గాజుకి ఆ బరువు దాదాపు 570 మైక్రోస్ట్రెయిన్ ఇస్తుంది. ఓఎస్‌ఏలో పీక్ 0.7 నానోమీటర్లు పైకి వెళ్లాలి. వెళ్లిందంటే సెన్సర్ సున్నితత్వం కూడా అక్కడే ఒకసారి సరిచూసుకున్నట్టు.

రెండు ట్యూబుల ఎపాక్సీ, నిదానంగా గట్టిపడే రకం. ఐదు నిమిషాలది వద్దు, అది తర్వాత పాకుతుంది. ట్యూబు మీద రాసిన నిష్పత్తిలోనే, బుడగలు రాకుండా కలపండి. గ్రేటింగ్‌కి అటూ ఇటూ 20 మి.మీ. దాటి పల్చగా, ఒకే మందంతో పూయాలి. 24 గంటలు కదపొద్దు. ఆ తర్వాత బరువు తీసి పీక్ చూడండి. ఆ 0.7లో ఎక్కువ భాగం నిలబడితే పట్టింది. వెనక్కి పోతే జారింది, మళ్లీ మొదలుపెట్టాలి.

ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర గట్టిపరిచేవాళ్లకి ఒక మాట. చల్లారేటప్పుడు స్టీలు ముడుచుకుని ఫైబర్‌ని నొక్కుతుంది. 35 డిగ్రీల తేడాకి 400 మైక్రోస్ట్రెయిన్, పీక్ అర నానోమీటరు కిందికి దిగుతుంది. గాభరా పడి పీకేయకండి.

కాంతితీగ:
చాలా థ్యాంక్సండీ. మరి రెండు మూపురాల సంగతి? గమ్ వేసేటప్పుడు గ్రేటింగ్ మీద టేపు అంటించి బొటనవేలితో నొక్కి పట్టుకున్నాం. ఆ టేపు ఇంకా అలాగే ఉంది.

పీకోమీటరు:
అదే కారణం కావచ్చు, గమ్ ఒక సగం పట్టి ఒక సగం పట్టకపోవడమూ కావచ్చు. బీమ్ వంపు వల్లయితే కాదు: 10 మి.మీ. పొడవులో మీ స్ట్రెయిన్ రెండు శాతం అటూ ఇటూ మారుతుంది, అంటే 3 మైక్రోస్ట్రెయిన్, 4 పీకోమీటర్లు. అంత చిన్న తేడాకి పీక్ చీలదు. పైగా మీకు బరువు లేనప్పుడే చీలింది.

పక్కనుంచి నొక్కితే ఫైబర్‌లో రెండు ధ్రువణాలకి రెండు వక్రీభవన గుణకాలు ఏర్పడి రెండు పీక్‌లు వస్తాయి. పాచ్‌కార్డుని (పరికరాల్ని కలిపే కనెక్టర్ల ఫైబర్ తీగని) మెల్లగా మెలితిప్పి చూడండి. రెండు మూపురాల ఎత్తు ఒకదానికొకటి మారుతుంటే నొక్కుడు వల్ల. కదలిక లేకపోతే గమ్ అసమానంగా పట్టినట్టే, అయితే ఎస్‌ఎల్‌ఈడీ వెలుగు ధ్రువితం కానిదైతే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. ఎలాగైనా పరిష్కారం ఒకటే: గ్రేటింగ్ మీద టేపు, వేలు, బరువు ఏమీ పెట్టకుండా మళ్లీ అంటించడం. అంటించే ముందు స్పెక్ట్రం ఒకటి దాచుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఇక అలలు. గ్రేటింగ్ తర్వాత ఫైబర్‌ని ఎంత దూరంలో కోశారు? రెండు అలల మధ్య దూరం ఎంత?

కాంతితీగ:
దాదాపు 20 మి.మీ. దగ్గర కోశాం, చివర గాలిలో వదిలేశాం. అల నుంచి అలకి 40 పీకోమీటర్ల చిల్లర.

పీకోమీటరు:
లెక్క సరిగ్గా కుదిరింది. నున్నగా కోసిన గాజు చివర 3–4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది. గ్రేటింగ్‌కీ ఆ చివరకీ మధ్య 20 మి.మీ. కుహరం, దాని అలల ఎడం 41 పీకోమీటర్లు వస్తుంది. చివరన ఒక చుక్క గ్లిజరిన్ పెట్టండి. దాని గుణకం 1.47, గాజుది 1.44, అందుకే ప్రతిబింబం దాదాపు మాయమవుతుంది. మందుల షాపులో దొరికేదే చాలు. శాశ్వతంగా కావాలంటే చివర ఒక మీటరు ఉంచి, పెన్సిల్ కన్నా సన్నటి చుట్లు చుట్టి టేపేయండి.

కనెక్టర్లు కూడా చూడండి. ఆకుపచ్చవి ఏపీసీ (చివర వాలుగా చెక్కినవి), నీలవి పీసీ రకం (వాలు లేనివి). వాటిని ఒకదానికొకటి బిగిస్తే లాస్ పెరగడమే కాదు, చివరలు గీసుకుపోతాయి. ఎస్‌ఎల్‌ఈడీ ఆన్‌లో ఉండగా చివరని కంటితో పరిశీలించొద్దు. 1550 వెలుగు కనిపించదు.

సిలికాగాజు:
టెంపరేచర్ కాంపెన్సేషన్‌కి ఇంకో గ్రేటింగ్‌ని సన్నటి గొట్టంలో వదులుగా పెట్టి, దాని షిఫ్ట్‌ని తీసేస్తే సరిపోదా? అందరూ అంతే చేస్తారు.

పీకోమీటరు:
నేరుగా తీసేస్తే సరిపోదు. వదులుగా ఉన్నది డిగ్రీకి 10 జరుగుతుంది, అంటించినది 24. తీసేశాక కూడా 14 మిగులుతుంది, అది స్టీలు సొంత వ్యాకోచం. వంతెన మొత్తం ఎంత సాగిందో కావాల్సిన వాళ్లకి అది ఉండాల్సిందే. బరువు వల్ల వచ్చింది మాత్రమే కావాలంటే వదులు గ్రేటింగ్ షిఫ్ట్‌ని 2.4తో హెచ్చించి తీసేయాలి. ఆ 2.4 మీ అంటింపుని బట్టి మారుతుంది కాబట్టి, బరువు లేకుండా పట్టీని ఓవెన్‌లో 30 నుంచి 50 దాకా 5 డిగ్రీల మెట్లతో వేడి చేసి, ప్రతి మెట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగి, స్వయంగా కొలుచుకోండి.

జిగురుపని:
దీనికన్నా డమ్మీ, అంటే బరువు పడని జోడు సెన్సర్, నయం. అదే పట్టీ నుంచి 60 మి.మీ. ముక్క కోసి, అదే ఎపాక్సీతో రెండో గ్రేటింగ్ అంటించి, బీమ్ పక్కనే వదులుగా పెట్టండి. మందం ఒకటే కావాలి, లేకపోతే ఏసీ ఆన్ చేసినప్పుడు ఒకటి ముందు చల్లబడి ఇంకోటి వెనకబడుతుంది. ఫ్యాన్ గాలి తగలకుండా రెండింటి మీదా థర్మోకోల్ పెట్టె బోర్లించండి. అప్పుడు నేరుగా తీసేస్తే చాలు.

లెక్కలమాస్టరు:
ఓఎస్‌ఏ సంగతి ఎవరూ ఎత్తలేదు. రిజల్యూషన్ 0.02 నానోమీటర్లంటే 20 పీకోమీటర్లు. అత్యంత ఎత్తున్న పాయింటుని పీక్ అనుకుంటే మీ కొలతలో పదో వంతు అక్కడే పోతుంది. స్పాన్ 10 నానోమీటర్లు, పాయింట్లు 5001 పెట్టండి. పాయింటుకి 2 పీకోమీటర్లు. పీక్ ఎత్తులో సగానికి పైనున్న పాయింట్లు మాత్రమే తీసుకుని గాసియన్ ఫిట్ చేయండి. సెంట్రాయిడ్ (పీక్ భారకేంద్రం) తీసేవాళ్లు డీబీఎం (లాగ్ స్కేలు) విలువల మీద తీయకూడదు, ముందు మిల్లీవాట్లకి మార్చాలి. డీబీఎంలోనే చేయాలంటే పారాబోలా ఫిట్ చేయండి, గాసియన్‌కి లాగ్ తీస్తే వచ్చేది అదే. ఓఎస్‌ఏని గంట ముందే ఆన్ చేసి పెట్టాలి. డమ్మీ కూడా అదే స్వీప్‌లో ఉంటే పరికరం డ్రిఫ్ట్ కూడా తీసివేతలో పోతుంది.

కాంతితీగ:
పాలీఇమైడ్ గ్రేటింగ్‌ని 30 మి.మీ. దగ్గర, ఎపాక్సీతో అంటించాం. ఒక్కటే పీక్, అలలు లేవు. డమ్మీ తీసేశాక 500 గ్రాములకి 188 పీకోమీటర్లు, బరువు తీస్తే 2 లోపు తేడాతో సున్నాకి వస్తోంది. ఇది సరైన విలువేనా?

లెక్కలమాస్టరు:
150 మైక్రోస్ట్రెయిన్‌కి 180. పాలీఇమైడ్‌తో కోర్ సుమారు 0.1 మి.మీ. ఎత్తున ఉంటుంది కాబట్టి 1.6 బై 1.5, అంటే 192. మీకు రెండు మూడు శాతం తక్కువ వచ్చింది. పట్టీ మందాన్ని మైక్రోమీటరుతో కొలిచారా? 3 మి.మీ. అని అమ్మేది 3.05 ఉంటే స్ట్రెయిన్ 3 శాతం తగ్గుతుంది, ఎందుకంటే లెక్కలో మందం వర్గం ఉంది. ముందు అది చూడండి, ఆ తర్వాతే గ్రేటింగ్‌ని అనుమానించండి.

జిగురుపని:
ఇంకో గ్రేటింగ్ మిగిలి ఉంటే డమ్మీ బదులు పట్టీ అడుగు ముఖాన సరిగ్గా అదే చోట అంటించండి. పైది సాగితే కిందిది నొక్కుకుంటుంది, వేడికి మాత్రం రెండూ ఒకే వైపు జరుగుతాయి. తేడా తీస్తే వేడి పోతుంది, బరువు సిగ్నల్ రెట్టింపవుతుంది. ఒకే ఫైబర్ మీద వరసగా పెట్టేట్టయితే 1550కి తోడు 1555ది తీసుకోండి, దగ్గర దగ్గరవి తీసుకుంటే బరువు పెంచినప్పుడు ఒక పీక్ ఇంకోదాని మీదికి వచ్చేస్తుంది. పై నుంచి అడుక్కి ఫైబర్ తిప్పే చోట చుట్టు వ్యాసార్థం 15 మి.మీ. కన్నా తగ్గనీయకండి, పట్టీ అంచున సిలికోన్ చుక్క పెట్టండి. తెగితే అక్కడే తెగుతుంది.